మిల్లు మూగబోయిన పొద్దు

మిషన్లో పడి రక్తం ఓడుతున్న చేతిని గుడ్డలో చుట్టి పొన్నిని వెనక తలుపు గుండా మోసుకుపోవడం దగ్గర పోయిన వారం కథ ఆగింది. "వాళ్ళ అమ్మ వచ్చింది. ఊరికి తీసుకుపోయింది" అని సూపర్‌వైజర్ మోహన్‌రాజ్ అందరికీ చెప్పాడు. అందరూ నమ్మారు. వెన్నిల కూడా నమ్మింది. నమ్మకపోతే ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు మరి.

తమిళ దేశంలో, ధర్మపురి వైపు బొమ్మిడికి అవతల, పొలాల మధ్య ఒంటరిగా ఉన్న నూలు మిల్లు అది. కొండల్లో తెలుగు మాట్లాడే పల్లె పిక్కిలి నుంచి వెన్నిల, పొన్ని ఒకే బస్సులో అక్కడికి వచ్చారు. చింతకాయలు దులపడానికి చెట్టెక్కిన బైరప్ప కొమ్మ విరిగి కింద పడి, మంచానికే పరిమితమైపోయాక, ఆయన కూతురు వెన్నిల పదో తరగతితో చదువు ఆపేసింది. పదహారేళ్ళ పిల్ల. ఎదురింటి సరసమ్మ కూతురు పొన్నికి పద్నాలుగే. ఊళ్ళోకి వచ్చిన ఏజెంటు మాయాండి ఇద్దరికీ పద్దెనిమిది నిండాయని రాయించాడు. హాస్టలుంటుందన్నాడు, మూడు పూటలా సాపాటు ఉంటుందన్నాడు, టీవీ ఉంటుందన్నాడు. అన్నీ ఉన్నాయి. గేటు దాటి పోవడమొక్కటే లేదు. ఫోన్లు కూడా వార్డెన్ తిలగవతి దగ్గరే ఉండేవి.

ఆ ఆదివారం వెన్నిల తల్లి నాగవేణమ్మ బిడ్డను చూడ్డానికి వచ్చింది.

గేటు పక్కన రేకుల షెడ్డులో తల్లులు, పిల్లలు ఎదురెదురుగా కూర్చుంటారు. చివర కుర్చీలో తిలగవతి. బయటి మాటలు లోపలికి, లోపలి మాటలు బయటికి పోకుండా చూడడమే ఆమె పని. నాగవేణమ్మ మూట విప్పి వేయించిన చెనిక్కాయలు కూతురి ఒళ్ళో పోసింది. బిడ్డ తలలో చిక్కుకున్న దూది పోగులు ఒక్కొక్కటే ఏరి పారేస్తూ అడిగింది.

"పొన్ని ఏది మే? వాళ్ళమ్మ దానికని మురుకులు ఇచ్చి పంపించింది."

వెన్నిల చేతిలో కాయ ఉన్నట్టే ఉండిపోయింది. పొన్ని అన్న పేరు వినగానే కుర్చీలో తిలగవతి తల ఎత్తింది. తెలుగు రాకపోయినా పేరు పేరే కదా.

"దాని పేరు ఎత్తొద్దు మా" అంది వెన్నిల, నవ్వుతున్నట్టు మొహం పెట్టి. "మేకల గురించి అడిగినట్టు అడుగు."

నాగవేణమ్మ ఎందుకని అడగలేదు. కనుబొమ్మ కూడా కదల్లేదు. పుట్టినప్పటి నుంచీ మేకల వెంట తిరిగిన మనిషి. నలుగురిలో నోరెత్తి ఒక మాట అనడం వెన్నిల ఎన్నడూ చూడలేదు. రేషన్ షాపులో కూడా వెనక నిలబడి అందరూ పోయాక సంచి చాపే తల్లి. అలాంటి తల్లి, వార్డెన్ చూస్తుండగా, ఇంకో కాయ ఒలిచి నోట్లో వేసుకుని, ఇంటి సంగతులు చెప్పుకుంటున్నంత తీరికగా అంది:

"అయితే ఆ చిన్న మేకపిల్ల ఈ మందలో లేదా?"

"లేదు మా. కాలు విరిగింది... కాదు, చెయ్యి. ఇంటికే తోలినామని చెప్పినారు."

"ఇంటికి రాలేదే. దాని తల్లి నిన్న కూడా మా వాకిట్లోకి వచ్చి, పండక్కన్నా వస్తాదా అని అడిగిపోయింది. దెబ్బ తగిలిన సంగతే దానికి తెలియదు."

షెడ్డు మీద ఎండ పేలిపోతోంది. వెన్నిలకు మాత్రం వీపంతా చల్లబడింది. ఇంటికి పోలేదు. ఇక్కడ లేదు. మరి పొన్ని ఎక్కడ?

"టైమైపోయింది" అని తిలగవతి తమిళంలో కేకేసింది. నాగవేణమ్మ ఖాళీ మూట దులిపి చంకన పెట్టుకుంది. మురుకుల పొట్లం కూతురి చేతిలో పెట్టి, ఆ చేతిని ఒకసారి గట్టిగా పట్టుకుంది.

"మేక తప్పిపోయిన రోజు నేను ఇంటికొచ్చి అన్నం తిన్నానా ఎప్పుడన్నా? చూసినావు కదా నువ్వు" అంది. "వెతుకు బిడ్డా. నేను సరసమ్మను తోడుకొని మళ్ళీ వస్తాను."

అంతే. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. నడుం కాస్త వంచుకుని, ఎప్పటిలాగే గోడ పక్కగా. ఇంతకాలం తను భయస్తురాలనుకున్న మనిషి అసలు ఎవరో అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు, గేటు మూసుకునేదాకా వెన్నిల అలాగే నిలబడిపోయింది.

*

మిల్లు లోపల మాట వినబడదు. నూలు వడికే వందల కదురులు ఒక్కసారిగా తిరుగుతుంటే పుట్టే ఆ హోరు చెవుల్లోంచి దూరి ఎముకల్లో స్థిరపడుతుంది. హాస్టల్లో పడుకున్నా అది వినిపిస్తూనే ఉంటుంది, ఎందుకంటే ఆ మిల్లు రాత్రీ పగలూ ఆగదు. ఒక షిఫ్టు దిగుతుంటే ఇంకో షిఫ్టు ఎక్కుతుంది. కట్టిన నాటి నుంచీ అది ఆగినట్టు ఆ పిల్లల్లో ఎవరూ ఎరగరు.

అందుకే అక్కడి పిల్లలకు ఒక సొంత భాష ఉంది. పెదవులతో మాట్లాడుకుంటారు. గొంతు అక్కర్లేదు, పెదవి కదిలితే చాలు. వచ్చిన నెలకే ఎవరికైనా అది పట్టుబడుతుంది. సూపర్‌వైజర్లకు మాత్రం రాదు. వాళ్ళకు అరవడమే అలవాటు.

సోమవారం పొద్దుటి షిఫ్టులో మోహన్‌రాజ్ తన వరుసకు రాగానే వెన్నిల ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఎప్పుడూ తల దించుకుని దారాలు అతికించుకునే పిల్ల అలా అడ్డం రావడం చూసి అతను కూడా ఆగాడు.

"పొన్ని ఎక్కడుంది సార్?" చెవి దగ్గర అరిచి అడిగింది.

"చెప్పినాను కదా! ఊరికి పోయింది. పో, పని చూడు. అటు దారం తెగింది చూడు."

"ఊర్లో లేదు సార్. మా అమ్మ నిన్న వచ్చింది."

అతని మొహంలో ఏదో మారింది. కోపం కాదు. కోపమైతే వెన్నిల భయపడేది. ఒక్క క్షణం అతని చూపు ఆమెను వదిలేసి వెనక తలుపు మీదికి పోయి వచ్చింది. ఆ చూపు వెన్నిల పట్టుకుంది. అదే తలుపు. పొన్నిని మోసుకుపోయిన తలుపు.

"పని చెయ్యమంటే చెయ్యాల!" అని అతను భుజం పట్టి మిషన్ వైపు నెట్టాడు.

వెన్నిల నెట్టిన వైపే వెళ్ళింది. మిషన్ చివర ఎర్ర బొత్తాం ఉంటుంది. ప్రాణం మీదికి వస్తే తప్ప దాన్ని ముట్టుకోకూడదని మొదటి రోజే చెప్పారు. వెన్నిల దాని మీద అరచెయ్యి పెట్టి నొక్కింది.

కదురులు నెమ్మదించాయి. గిరగిరా తిరిగే తెల్లని నూలు కండెలు మెల్లగా, తలలు తిరిగినవాటిలా తూగి, నిలిచిపోయాయి. మోహన్‌రాజ్ పరుగెత్తుకొచ్చి పచ్చ బొత్తాం నొక్కాడు. మిషన్ మళ్ళీ లేచింది. వెన్నిల మళ్ళీ ఎర్రది నొక్కింది. అతను చెయ్యెత్తాడు. వెన్నిల పక్కకు తప్పుకోలేదు. ఆ చెయ్యి గాలిలోనే ఆగింది, ఎందుకంటే ఈపాటికి పక్క మిషన్ దగ్గరి కనిమొళి పని వదిలేసి ఇటే చూస్తోంది.

కనిమొళిది పెరియంపట్టి. ఎవరి జోలికీ పోని పిల్ల. వెన్నిల ఆమె వైపు తిరిగి, గొంతు లేకుండా, పెదవులతో మాత్రమే అంది:

"పొన్ని ఇంటికి చేరలేదు."

కనిమొళి తన పక్క వరుస వైపు తిరిగింది. ఆ పెదవులు కదిలాయి. ఆ వరుసలోని పిల్ల ఇంకో వరుస వైపు తిరిగింది. మోహన్‌రాజ్ కళ్ళ ముందే, అంత హోరులో, ఒక్క చప్పుడు లేకుండా ఆ మాట హాలు ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. అతనికి ఏమీ తెలియలేదు. పిల్లల తలలు ఒకదాని తర్వాత ఒకటి తిరగడం మాత్రం కనిపించింది, గాలికి వరిచేను వంగినట్టు.

కనిమొళి తన ఎర్ర బొత్తాం నొక్కింది.

ఆ తర్వాత ఎవరు నొక్కారో, ఎవరు ముందో, ఎవరు వెనకో వెన్నిలకు తెలియదు. హోరులో ఒక పొర ఊడిపోయింది. ఇంకో పొర. పైన దూదిని ఏకే మిషన్లు, పక్క హాల్లో కండెలు చుట్టే మిషన్లు, ఒక్కొక్కటే గొంతు దించుకుంటూ వచ్చాయి. "ఏయ్! ఏయ్!" అని మోహన్‌రాజ్ అరుస్తూ అటూ ఇటూ పరిగెడుతున్నాడు. మొదట అతని నోరు మాత్రమే కనిపించింది. కాసేపటికి అతని మాట కూడా వినిపించింది. అప్పుడు వెన్నిలకు అర్థమైంది, మిల్లు ఆగిపోయిందని.

ఆ నిశ్శబ్దాన్ని ఏమని చెప్పాలి! కొండంత బరువును ఎవరో తల మీద నుంచి ఎత్తి పక్కన పెట్టినట్టుంది. గాలిలో తేలుతున్న దూది, ఊపే గాలి ఆగిపోవడంతో, ఎక్కడిదక్కడ మెల్లగా కిందికి దిగుతోంది. ఆ పిల్లల తలల మీద, భుజాల మీద, చాచిన చేతుల మీద తెల్లగా రాలుతోంది. పైకప్పు సందులో పిచ్చుక ఉన్న సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియదు. అది కూస్తోంది. దూరంగా బొమ్మిడి స్టేషన్లో రైలు కూత పెట్టింది. ఎవరో దగ్గారు. అటు ఇంకొకరు దగ్గారు. హాలంతా దగ్గులే. ఇంతకాలం పక్కపక్కనే నిలబడి, ఒకరి దగ్గు ఒకరు వినలేదు వాళ్ళు. ఎవరికి వాళ్ళే తమ ఒక్కరికే ఉందనుకున్నారు.

వెన్నిల తన చెయ్యి చూసుకుంది. సన్నగా, దారం కోసిన గాట్లతో, ఎప్పటి చెయ్యే. ఈ చెయ్యేనా ఇంత పెద్ద మిల్లును ఆపింది? ఒళ్ళు జలదరించింది. భయమో సంతోషమో తెలియలేదు. కొండల్లో వాన రావడం చూసినప్పుడు, చిన్నప్పుడు, అలాగే ఉండేది.

*

మేనేజర్ అరివళగన్ వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, మెత్తని మాట. అతను అరవడు. అరవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

"ఏమ్మా వెన్నిలా, ఏం సమస్య? నా రూముకు రా, మాట్లాడుకుందాం. కాఫీ తెప్పిస్తాను."

"ఇక్కడే చెప్పండి సార్" అంది వెన్నిల. తన గొంతు అంత దూరం వినబడడం ఆమెకే వింతగా ఉంది. "పొన్ని ఎక్కడుంది?"

"వాళ్ళ ఊరికి..."

"ఊరికి పోలేదు సార్."

"అయితే దారిలో బంధువుల ఇంటికి పోయి ఉంటారు. అది మనం చూస్తామా?" నవ్వాడు. ఆ నవ్వు అలాగే ఉంచి దగ్గరికి వచ్చి, ఆమెకు ఒక్కదానికే వినబడేలా అన్నాడు. "మీ నాన్న మంచంలో ఉన్నాడు కదా. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టి ఒప్పుకున్న గడువు నిండేదాకా ఉన్నావంటే, చివర్లో ఒకేసారి ఇచ్చే డబ్బంతా చేతికొస్తుంది. ఇప్పుడు గేటు దాటినావంటే ఏమీ రాదు. నీ కోసమే చెప్తున్నాను. తెలివైన పిల్లవి."

ఆ దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. నడవాలంటే ఆపరేషన్ కావాలన్నారు నాన్నకు. మంచం మీద నుంచి ఆయన వాకిలి వైపు చూసే చూపు గుర్తొచ్చింది. వెన్నిల మిషన్ వైపు చూసింది. ఒక్క బొత్తాం. పచ్చది. నొక్కితే అంతా మళ్ళీ మామూలైపోతుంది. హోరు వచ్చి ఈ మాటలన్నిటినీ కప్పేస్తుంది.

అప్పుడు నిన్న నాగవేణమ్మ గట్టిగా పట్టుకున్న చెయ్యి ఇంకా వెచ్చగా ఉన్నట్టనిపించింది.

"సార్, మీరు మెల్లగా చెప్పింది వీళ్ళకు వినబడలేదు" అంది. "గట్టిగా చెప్పండి."

అరివళగన్ నవ్వు పోయింది. చుట్టూ చూశాడు. పిల్లలు ఎవరూ అరవడం లేదు, నినాదాలు చెయ్యడం లేదు. తల మీద దూది రాలుతుంటే ఊరికే నిలబడి అతని వంక చూస్తున్నారు. అన్ని కళ్ళు ఒకేసారి తన మీద ఉండడం ఆ మనిషికి అలవాటు లేదు. జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"మిషన్లు వెయ్యండి!" అన్నాడు. మొదటిసారి గొంతు పెంచాడు. "లేకపోతే ఒక్కొక్కరి ఇంటికీ ఫోన్ పోతుంది!"

"చెయ్యండి సార్" అంది కనిమొళి. ఆ పిల్ల గొంతు అంతమందిలో వినడం అదే మొదలు. "మా అమ్మతో నేనూ మాట్లాడతాను."

హాలు తలుపు దగ్గర తాళంచెవులు గలగలలాడాయి. వార్డెన్ తిలగవతి నిలబడి ఉంది. హాస్టల్లో ఉన్నా మిల్లు ఆగిన సంగతి ఆమెకు తెలిసింది. ఎవరికి తెలియకుండా ఉంటుంది? ఆమె కూడా ఒకప్పుడు ఇలాంటి మిషన్ల మధ్యే దారాలు అతికించిన మనిషని పిల్లలు అనుకునేవాళ్ళు. ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు రాలుతున్న దూదిలోకి తలెత్తి చూసింది. ఆ మొహం ఎంత మెత్తబడిపోయిందంటే, రోజూ కసిరే మనిషేనా అనిపించింది.

"తిలగవతీ, నువ్వు హాస్టలుకు పో" అన్నాడు అరివళగన్.

ఆమె పోలేదు. వెన్నిల దగ్గరికి వచ్చి, నడుముకు దోపుకున్న గుత్తిలోంచి ఒక తాళంచెవి విడదీసి ఆమె చేతిలో పెట్టింది.

"గోడౌను వెనక గది" అంది. "నిన్న మీ అమ్మ అడిగింది ఆ పిల్ల గురించేనని నాకు తెలుసు."

*

వెన్నిల నడిచింది. వెనక కనిమొళి. ఆ వెనక హాలంతా. అరివళగన్ అడ్డం నిలబడ్డాడు గానీ, నీళ్ళు రాయిని చుట్టుకుపోయినట్టు వాళ్ళు అతనికి అటూ ఇటూ నడిచిపోయారు. ఎవరూ అతన్ని తాకను కూడా లేదు.

దూది బేళ్ళ చాటున రేకు తలుపు. తాళం తీయగానే మందుల వాసన, మురిగిన గుడ్డల వాసన గుప్పుమంది. లోపల చాప మీద పొన్ని గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు. ఆ కట్టు ఎప్పటిదో. మొహం వాడిపోయింది, కళ్ళు జ్వరంతో మెరుస్తున్నాయి. కానీ ఉంది. ప్రాణంతో ఉంది.

"అక్కా!" అంది పొన్ని. తెలుగులో, ఇంట్లో మాట్లాడుకునే మాటలో. "చప్పుడు ఆగిపోయింది కదక్కా. ఒక్కసారిగా ఏమీ వినపడకపోతే, నేనే సచ్చిపోయినానేమో అనుకున్నాను."

వెన్నిల మోకాళ్ళ మీద కూలబడి ఆ పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. వాకిట్లో నిలబడిన వాళ్ళలో ఒకరు "ఉంది, ఉంది" అన్నారు. ఆ మాట వెనక్కి వెనక్కి పోయింది. ఈసారి పెదవులతో కాదు, గొంతులతో.

"ఎందుకే ఇక్కడ పెట్టినారు నిన్ను?"

"ఆస్పత్రికి పోతే వయసు అడుగుతారంట. అడిగితే కేసు అయితాదంట. చెయ్యి మానినాక పంపిస్తామన్నారు. సూది వేసేదానికి ఒకాయన వచ్చి పోతా ఉన్నాడు." పొన్ని కట్టు కట్టిన చేతిని ముందుకు చాపింది. "మానలేదక్కా. వేళ్ళు కదలవు."

వెన్నిల లేచి నిలబడింది. కళ్ళు తుడుచుకోకుండానే, వాళ్ళ వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ అరివళగన్ వైపు తిరిగింది.

"వ్యాను రమ్మనండి సార్. ధర్మపురి పెద్దాస్పత్రికి. నేను కూడా పోతాను. దీని వయసు పద్నాలుగని నేనే చెప్తాను."

అరివళగన్ చుట్టూ నిలబడ్డ పిల్లలను చూశాడు, ఫోన్ తీసి డ్రైవర్‌ను పిలిచాడు. కనిమొళి పొన్ని నడుం చుట్టూ చెయ్యేసి లేపింది. తిలగవతి ఎక్కడి నుంచో శుభ్రమైన దుప్పటి తెచ్చి కప్పింది. అంతా అయిపోయిందనుకుంది వెన్నిల. గెలిచామనుకుంది.

కానీ గడప దగ్గరికి రాగానే పొన్ని ఆగిపోయింది. మంచి చేత్తో తలుపు రేకు పట్టుకుంది.

"నేనొక్కదాన్నే రాలేనక్కా."

"నేను వస్తా ఉండాను కదే."

"అది కాదు." పొన్ని వెనక్కి తిరిగి, తను ఇన్నాళ్ళూ ఆనుకుని కూర్చున్న గోడను చూపించింది. "అవతల ఎవరో ఉండారు. నేను గోడ తడితే, వాళ్ళూ తడతారు. మిషన్ల చప్పుడులో చేతికి తెలిసేది గానీ చెవికి వినపడేది కాదు."

"జ్వరంలో కలవరిస్తోంది" అన్నాడు అరివళగన్ గబగబా. "అటువైపు ఏ గదీ లేదు. అది ఉత్త గోడ."

వెన్నిల తిలగవతి వైపు చూసింది. వార్డెన్ మొహం పాలిపోయి ఉంది. తన గుత్తి వంక చూసుకుని, లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆ గోడకు అవతలి గది తాళంచెవి ఆమె దగ్గర లేదు. అసలు అక్కడ ఒక గది ఉన్నట్టే ఆమెకు తెలియదు.

వెన్నిల గోడ దగ్గరికి నడిచింది. బయట అంతమంది పిల్లలు దగ్గు కూడా బిగబట్టుకుని నిలబడ్డారు. పిడికిలి బిగించి గోడ మీద తట్టింది.

మిల్లు మూగగా ఉంది. పిచ్చుక కూడా కూయడం లేదు.

గోడ అవతల నుంచి, మెల్లగా, కానీ అందరికీ వినబడేలా, ఎవరో తిరిగి తట్టారు.